‘ప్లాస్మా ఎక్కించాం, తగ్గింది’ అంటే సరే, ఎవరితో పోలిస్తే?

2021 ఏప్రిల్, మే నెలల్లో వాట్సాప్ తెరిస్తే రెండే రకాల మెసేజీలు. ఒకటి ఆక్సిజన్ బెడ్ ఎక్కడుందో చెప్పమని, రెండోది ‘బి పాజిటివ్ ప్లాస్మా డోనర్ అర్జంటుగా కావాలి’ అని. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ల ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు ఉంటాయి, దాన్ని రోగికి ఎక్కిస్తే మేలన్నది నమ్మకం. అందుకే తగ్గినవాళ్లకు ఎవరెవరి నుంచో ఫోన్లు వచ్చేవి. అంతకుముందు ఏడాదే సినిమా తారలు, పోలీసు అధికారులు కూడా ప్లాస్మా ఇవ్వండని ప్రచారం చేశారు.

ప్లాస్మా పనిచేస్తుందా లేదా అన్నదానికి అప్పటికి ఆరు నెలల ముందే మన దేశం నుంచే ఒక సమాధానం వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో నడిపిన ప్లాసిడ్ ట్రయల్ ఫలితాలు 2020 అక్టోబర్‌లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ప్లాస్మా ఎక్కించినా ఎక్కించకపోయినా జబ్బు ముదరడంలో గానీ మరణాల్లో గానీ తేడా కనిపించలేదు. అయినా చికిత్సా మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న, సెకండ్ వేవ్ నడుమన.

ఆ అక్టోబర్‌కూ ఈ మేకూ మధ్య ప్లాస్మా రాసిన డాక్టర్లకు పేపర్ చదవడం రాదని అనుకోనక్కర్లేదు. వాళ్ల కళ్లెదుటే పేషెంట్లు కోలుకున్నారు. ప్లాసిడ్‌లో ప్లాస్మా తీసుకున్నవాళ్లు 235 మంది, వాళ్లలో 28 రోజుల్లోపు చనిపోయినవాళ్లు 34 మంది. మిగతా దాదాపు 200 కుటుంబాలను అడగండి, ‘ప్లాస్మా మా నాన్నను బతికించింది’ అనే చెబుతాయి. అబద్ధం చెప్పినట్టు కాదు, వాళ్లకు కనిపించింది అదే. ప్లాస్మా తీసుకోని 229 మందిలో చనిపోయినవాళ్లు 31 మంది అన్న సంగతి మాత్రం ఆ కుటుంబాలకు గానీ, ఆ వార్డులో డ్యూటీ చేస్తున్న పీజీకి గానీ కనబడదు. 34, 31 పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తెలుస్తుంది.

అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒక ఆయుర్వేద మందు కోసం వేలమంది బారులు తీరారు. కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా మందులకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది. ఆ క్యూలను చూసి వెక్కిరించిన ఇంగ్లిష్ వైద్యం వాళ్లు చాలామంది ప్లాస్మా దగ్గరికొచ్చేసరికి సరిగ్గా అదే తర్కం వాడారు: ఇచ్చాం, తగ్గింది. ఎక్కువమందికి దానంతటదే తగ్గే జబ్బులో ఏ మందిచ్చినా తగ్గినట్టే ఉంటుంది. ఎంబీబీఎస్ అయినా, నర్సింగ్ అయినా, ఫార్మ్‌-డీ అయినా, పరిశోధనా పేపర్లను చదవడం నేర్చుకోవాలనుకునే విద్యార్థి ముందుగా ఒంటబట్టించుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. ఏ రకం ఆధారానికి ఎంత బలమో చూపే పిరమిడ్ బొమ్మ ఆ తర్వాతే.

పిరమిడ్ సంగతి తెలిసిందే కదా. ఎస్‌పీఎం (సామాజిక, నివారణ వైద్యం) పరీక్షలో గీస్తాం. అడుగున నిపుణుల అభిప్రాయాలు, కేస్ రిపోర్టులు. మధ్యలో జబ్బు వచ్చినవాళ్లను రానివాళ్లతో పోల్చే కేస్ కంట్రోల్ స్టడీలు, ఒక గుంపును కొంతకాలం గమనించే కోహార్ట్ స్టడీలు. పైన లాటరీతో గుంపులు చేసే ర్యాండమైజ్డ్ ట్రయల్స్. కొసన ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నిటినీ వెతికి కలిపి చూసే సిస్టమాటిక్ రివ్యూ. గీసేస్తే మార్కులు పడతాయి. కానీ ఏ రకం పేపర్‌కు ఎంత గౌరవం ఇవ్వాలన్నదే ఆ బొమ్మ చెబుతుంది. చేతిలో ఉన్న ఈ ఒక్క పేపర్‌ను ఎక్కడ గిల్లి చూడాలో చెప్పదు. దానికి ‘ఎవరితో పోలిస్తే?’ అన్న ప్రశ్న చాలాదూరం తీసుకెళ్తుంది.

పెద్ద సంఖ్య, చిన్న తేడా

అమెరికాలో 2020లో ప్లాస్మాను ట్రయల్‌గా కాకుండా ప్రత్యేక అనుమతి పథకం కింద వేలమందికి ఎక్కించారు. మాయో క్లినిక్ ఆధ్వర్యంలో 35,000 మందికి పైగా రోగుల వివరాలతో ఆగస్టులో ఒక ప్రీప్రింట్ (తోటి నిపుణులు ఇంకా పరిశీలించని పేపర్) వచ్చింది. 35,000 అన్న సంఖ్య చూడగానే నమ్మబుద్ధేస్తుంది. అయితే అందులో ప్లాస్మా తీసుకోనివాళ్లే లేరు. కంట్రోల్ గ్రూప్ లేదు కాబట్టి తీసుకున్నవాళ్లలోనే ఒకరితో ఒకరిని పోల్చారు. రోగ నిర్ధారణ జరిగిన మూడు రోజుల్లోపు ఎక్కించినవాళ్లలో వారం నాటికి చనిపోయింది 8.7 శాతం, నాలుగో రోజు గానీ ఆ తర్వాత గానీ ఎక్కించినవాళ్లలో 11.9 శాతం. తొందరగా ఇస్తే మంచిదని అనిపిస్తుంది. కానీ ఎవరికి తొందరగా ఇచ్చారు? దాత దొరికే పెద్ద ఆసుపత్రిలో, సిబ్బంది సరిపడా ఉన్నచోట చేరినవాళ్లకా? ఆలస్యంగా ఇచ్చింది అప్పటికే వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లకా? ఈ రెండు గుంపుల మధ్య ప్లాస్మా ఎక్కించిన సమయం కాక ఇంకెన్ని తేడాలున్నాయో ఎవరు చెప్పగలరు? ఇలా ఫలితంలో కలిసిపోయే వేరే కారణాలనే కన్‌ఫౌండింగ్ అంటారు. రోగుల సంఖ్య పెంచితే ఇది తగ్గదు. 3,500 మందితో వచ్చే తప్పు సమాధానమే 35,000 మందితో ఇంకాస్త ధీమాగా వస్తుంది, అంతే.

ఇదే ప్రీప్రింట్‌లో ఇంకో లెక్క కూడా ఉంది. యాంటీబాడీలు ఎక్కువున్న ప్లాస్మా పొందినవాళ్లలో వారానికి మరణాలు 8.9 శాతం, తక్కువున్న ప్లాస్మా పొందినవాళ్లలో 13.7 శాతం. 13.7తో పోలిస్తే 8.9 అంటే 35 శాతం తక్కువ. ఆగస్టు 23న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అధిపతి స్టీఫెన్ హాన్ ప్రెస్‌మీట్‌లో ఆ 35ని పట్టుకుని, వందమంది కోవిడ్ రోగులుంటే ప్లాస్మా వల్ల 35 మంది బతికేవారన్న అర్థంలో మాట్లాడారు. లెక్క చూడండి. వందకు 13.7 మంది చనిపోవాల్సిన చోట 8.9 మంది చనిపోయారంటే బతికింది వందకు సుమారు 5 మంది. అదీ ఆ తేడా మొత్తం ప్లాస్మా వల్లే వచ్చిందని ఒప్పుకుంటేనే. విమర్శలు రావడంతో, తాను చెప్పింది రిలేటివ్ (ఒక రేటును ఇంకో రేటుతో పోల్చిన) తగ్గుదల అని, అబ్సల్యూట్ (వందకు నేరుగా ఎంతమంది అన్నది) కాదని ఆయన మర్నాడే ఒప్పుకున్నారు.

ఒక దేశపు మందుల నియంత్రణ సంస్థ అధిపతే అక్కడ జారిపడితే హౌస్ సర్జన్ జారిపడటంలో వింతేముంది? మెడికల్ రెప్ తెచ్చే రంగురంగుల కాగితం మీద ఎప్పుడూ రిలేటివ్ శాతమే పెద్దక్షరాల్లో ఉంటుంది. ‘గుండెపోటు ముప్పు 50 శాతం తగ్గుతుంది’ అంటారు. వెయ్యిలో ఇద్దరికి వచ్చేది ఒకరికి తగ్గినా 50 శాతమే, వందలో ఇరవై మందికి వచ్చేది పదిమందికి తగ్గినా 50 శాతమే. అసలు మందు లేకపోతే ఎంతమందికి వచ్చేదన్న సంఖ్య చూపించమని అడిగితే చాలాసార్లు సంభాషణ అక్కడితో ముగిసిపోతుంది.

లాటరీ, ఆ లాటరీని దాచిపెట్టడం

రెండు గుంపులూ అన్ని విషయాల్లో ఒకేలా ఉండి, మందు ఒక్కటే తేడాగా ఉండాలంటే మార్గం లాటరీ. ఎవరికి మందివ్వాలో డాక్టర్ నిర్ణయించకూడదు, పేషెంటూ ఎంచుకోకూడదు. దీన్ని ర్యాండమైజేషన్ అంటారని అందరికీ తెలుసు. దానికన్నా ముఖ్యమైన, విద్యార్థులు తరచూ దాటేసే మాట ఇంకొకటుంది. రాబోయే పేషెంటుకు లాటరీలో ఏం తగలబోతోందో చేర్చుకునే డాక్టర్‌కు ముందుగా తెలియకూడదు.

బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించి 1948లో ఫలితాలు అచ్చువేసిన ట్రయల్‌లో గణాంక నిపుణుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ చేసిన ఏర్పాటు ఇదే. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో సీల్ వేసిన కవర్లలో పెట్టారు, పేషెంటును ట్రయల్‌లోకి తీసుకున్నాకే కవర్ తెరిచేవారు. మొత్తం 107 మంది. ఆరు నెలలకు స్ట్రెప్టోమైసిన్ గుంపులో 55 మందిలో నలుగురు, కేవలం బెడ్ రెస్ట్ ఇచ్చిన 52 మందిలో 14 మంది చనిపోయారు. కవర్ లేకుండా ఒకరి తర్వాత ఒకరికి మందు అని వరసగా ఇచ్చుకుంటూ పోతే ఏమవుతుంది? ఈసారి మందు వంతు అని తెలిసిన డాక్టర్ తనకు తెలియకుండానే కాస్త నిలబడగలిగే పేషెంటును ముందుకు తోస్తాడు. మోసం చేయాలన్న ఉద్దేశమేమీ ఉండదు, జాలి ఉంటుంది. పేపర్‌లో ‘ర్యాండమ్‌గా విభజించాం’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే నమ్మకండి. ఎలా విభజించారు, ఆ జాబితా ఎవరి దగ్గర ఉంది, చేర్చుకునేవాళ్లకు కనబడే వీలుందా అని మెథడ్స్‌లో వెతకండి. మన పీజీ థీసిస్‌లలో బేసి తేదీ ఒక గుంపు, సరి తేదీ ఇంకో గుంపు అని విభజించి దానికి ర్యాండమైజేషన్ అని పేరు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ప్లాసిడ్‌ను దగ్గరగా చూస్తే

ప్లాసిడ్ పేపర్ ఉచితంగానే దొరుకుతుంది. పేపర్ చదవడం నేర్పడానికి ఇంతకన్నా మంచి సరుకు మన దేశంలో నాకు కనబడలేదు. ఎందుకంటే ఇందులో మంచీ చెడూ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

చేర్చుకున్నది 464 మంది పెద్దవాళ్లను, 2020 ఏప్రిల్ నుంచి జులై మధ్య. అందరికీ కోవిడ్ ఒక మోస్తరుగా ఉంది, ఆక్సిజన్ తగ్గింది, కానీ వెంటిలేటర్ దాకా వెళ్లలేదు. ఒక గుంపుకు మామూలు చికిత్సతో పాటు 200 మిల్లీలీటర్ల ప్లాస్మా 24 గంటల తేడాతో రెండుసార్లు, ఇంకో గుంపుకు మామూలు చికిత్స మాత్రమే. ముందుగా అనుకున్న ప్రధాన ఫలితం, 28 రోజుల్లో జబ్బు తీవ్రంగా మారడం లేదా మరణం. ఇది ప్లాస్మా గుంపులో 44 మందికి, మరో గుంపులో 41 మందికి జరిగింది. 19 శాతం, 18 శాతం.

ఇక్కడ ఆగకుండా మిగతా టేబుళ్లు చూడాలి. ఏడో రోజుకు వైరస్ నెగెటివ్ అయినవాళ్లు ప్లాస్మా గుంపులో ఎక్కువ. ఆయాసం, నీరసం తగ్గినవాళ్లూ ఆ గుంపులోనే ఎక్కువ. ఈ రెండు వాక్యాలు మాత్రమే చదివితే ‘ప్లాస్మా పనిచేస్తోంది’ అని హెడ్డింగ్ పెట్టేయొచ్చు.

ఆయాసం సంగతి ముందు. ప్లాసిడ్ ఓపెన్ లేబుల్ ట్రయల్, అంటే ప్లాస్మా ఎవరికి ఎక్కుతోందో పేషెంటుకూ డాక్టర్‌కూ తెలుసు. అంత కష్టపడి దాతను వెతికి, రెండు బ్యాగులు ఎక్కించాక ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడిగితే ‘కొంచెం నయమండి’ అనకుండా ఎలా ఉంటారు? పేషెంటు నోటితో చెప్పే లక్షణాలు, డాక్టర్ చూపుతో వేసే అంచనాలు ఇలా సులువుగా వంగుతాయి. చావు వంగదు. బ్లైండింగ్, అంటే ఎవరికి ఏది అందుతోందో తెలియనివ్వకపోవడం, లేని ప్రతి ట్రయల్‌నూ చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. ఏ ఫలితాన్ని ఎవరు కొలిచారో చూసి, ఏది నమ్మాలో ఏది పక్కన పెట్టాలో విడదీసుకోవాలి.

వైరస్ నెగెటివ్ కావడం ల్యాబ్ ఫలితం కదా, అందులో వంగడానికి ఏముంది? నిజమే. అయితే రిపోర్టులో నెగెటివ్ అని రావడానికి కాదు కదా పేషెంటు ఆసుపత్రికి వచ్చింది. అసలు ఫలితానికి బదులు దాని గుర్తుగా వాడే ఇలాంటి కొలతను సరొగేట్ అంటారు. సరొగేట్ బాగుపడి మనిషి బాగుపడకపోవడం వైద్య చరిత్రలో మామూలే. అన్నిటికన్నా చేదు ఉదాహరణ గుండె లయ మందులది. గుండెపోటు వచ్చినవాళ్లలో ఈసీజీలో అదనపు బీట్లు ఎక్కువుంటే హఠాన్మరణం ముప్పు ఎక్కువ. కాబట్టి ఆ బీట్లను అణిచే మందులిస్తే మరణాలు తగ్గుతాయన్నది అప్పట్లో ఎవరూ అనుమానించని తర్కం. మందులు బీట్లను చక్కగా అణిచాయి కూడా. చివరికి అమెరికాలో కాస్ట్ అనే ట్రయల్ పెట్టి, ఎన్‌కెయినైడ్, ఫ్లెకెయినైడ్‌లను డమ్మీ మాత్రతో పోల్చి చూశారు. సగటున పది నెలలకు మందు గుంపులో 755 మందిలో 63 మంది, డమ్మీ మాత్ర గుంపులో 743 మందిలో 26 మంది చనిపోయారు. ట్రయల్‌లోని ప్రతి పేషెంటుకూ ఆ మందులతో బీట్లు తగ్గుతాయని ముందే పరీక్షించి చూసుకున్నాకే చేర్చుకున్నారు. బీట్లు తగ్గినవాళ్లే రెండింతలకు పైగా చనిపోయారు. ఫిజియాలజీ పుస్తకం నుంచి నేరుగా ప్రిస్క్రిప్షన్‌లోకి దూకే అలవాటు ఉన్నవాళ్లు ఈ నాలుగు సంఖ్యలూ ఎక్కడైనా రాసిపెట్టుకోవడం మంచిది.

మళ్లీ ప్లాసిడ్ దగ్గరికి. ఇందులో అసలైన లోపం ఒకటుంది, దాన్ని రచయితలే రాశారు. దాతల ప్లాస్మాలో యాంటీబాడీలు ఎంతున్నాయో ఎక్కించే ముందు కొలవలేకపోయారు, ఆ సమయానికి అందుకు తగిన కిట్లు అందుబాటులో లేవు. మరి పస లేని ప్లాస్మా ఎక్కించి ప్లాస్మా పనిచేయదంటే ఎలా? ఈ అభ్యంతరం సరైనదే.

ఇంకొకటి. రెండు గుంపుల ముప్పుల నిష్పత్తి అయిన రిస్క్ రేషియో 1.04 (ఒకటి అంటే తేడా లేనట్టు), దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే డేటాతో పొసగే విలువల పరిధి, 0.71 నుంచి 1.54. ఈ బ్రాకెట్‌ను చూడగానే విద్యార్థులు ‘ఒకటిని దాటుతోంది, నాన్ సిగ్నిఫికెంట్’ అనేసి తర్వాతి స్లైడ్‌కు వెళ్లిపోతారు. పేపర్లు చదివి చర్చించే జర్నల్ క్లబ్‌లో నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. ఆ రెండు అంకెలు ఏం చెబుతున్నాయో చూడండి. ఈ డేటాతో పొసగే అసలు ప్రభావం 0.71 అయినా కావొచ్చు, అంటే ప్లాస్మా ముప్పును 29 శాతం తగ్గించి ఉండొచ్చు. 1.54 అయినా కావొచ్చు, అంటే 54 శాతం పెంచి ఉండొచ్చు. ఇంత వెడల్పు చూశాక ‘ప్లాస్మా పనిచేయదని రుజువైంది’ అనడం తప్పు. ‘పనిచేస్తుందన్న ఆధారం ఇందులో దొరకలేదు’ అనాలి. రెండూ ఒకటి కాదు.

దాన్ని తేల్చింది బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్. యాంటీబాడీలు ఎక్కువున్న ప్లాస్మానే ఏరి 5,795 మందికి ఇచ్చారు, 5,763 మందికి ఇవ్వలేదు. రెండు గుంపుల్లోనూ 28 రోజుల్లో చనిపోయింది 24 శాతమే. రేట్ రేషియో 1.00, ఇంటర్వెల్ 0.93 నుంచి 1.07. ఇప్పుడు బ్రాకెట్ ఎంత ఇరుకైందో గమనించండి. పెద్ద మేలు జరిగే చోటు ఇక మిగల్లేదు. పస లేని ప్లాస్మా అన్న అభ్యంతరం కూడా పోయింది. ఈ ఫలితం 2021 మేలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, మన మార్గదర్శకాలు మారింది కూడా అప్పుడే.

పీ వాల్యూ గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక్క ముక్క. 0.05 కన్నా తక్కువంటే మందు పనిచేసే అవకాశం 95 శాతం అని అర్థం కాదు. మందుకు అసలు ఏ ప్రభావమూ లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ తేడా గానీ కనబడే అవకాశం అంత తక్కువ అని మాత్రమే. తేడా పెద్దదా చిన్నదా, పేషెంటుకు పనికొస్తుందా అన్నది అది చెప్పదు. ఇంటర్వెల్ చెబుతుంది, అందుకే దాని మీద ఇంతసేపు ఆగాను.

లెక్కలోంచి జారిపోయినవాళ్లు

2020 మార్చిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నుంచి వచ్చిన చిన్న స్టడీ ఒకటి కోవిడ్‌కు మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందన్న గాలి ప్రపంచమంతా పుట్టించింది. ఆరో రోజుకు మందు తీసుకున్న 20 మందిలో 14 మందికి, అంటే 70 శాతం మందికి వైరస్ పోయింది, తీసుకోని 16 మందిలో ఇద్దరికే పోయింది. తేడా కొట్టొచ్చినట్టుంది. కానీ మందు మొదలుపెట్టింది 20 మంది కాదు, 26 మంది. ఆ ఆరుగురూ ఏమయ్యారు? ముగ్గురు ఐసీయూకి వెళ్లారు, ఒకరు చనిపోయారు, ఒకరు ఆసుపత్రి వదిలి వెళ్లారు, ఒకరు వికారంతో మందు ఆపేశారు. వాళ్లందరినీ లెక్కలోంచి తీసేశారు. ఐసీయూకి వెళ్లినవాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లు బాగానే ఉన్నారని తేలక ఇంకేం తేలుతుంది? పైగా కంట్రోల్ గ్రూప్‌లో ఉన్నది మందు వద్దన్నవాళ్లు, వేరే ఆసుపత్రులవాళ్లు. లాటరీ ఊసే లేదు.

లాటరీలో ఏ గుంపులో పడితే, మందు మింగినా మింగకపోయినా, చివరిదాకా ఆ గుంపు ఖాతాలోనే లెక్కించాలన్న నియమం ఇందుకే ఉంది. ఇంటెన్షన్ టు ట్రీట్ అంటారు. పేపర్ చేతికి రాగానే మొదటి ఫ్లోచార్ట్‌లో ఎంతమంది మొదలుపెట్టారో, చివరి టేబుల్‌లో ఎంతమంది మిగిలారో రెండు సంఖ్యలూ పెన్నుతో చుట్టి, తేడా ఎక్కడికి పోయిందో వెతకడం రెండు నిమిషాల పని. ఆ మందు సంగతి కూడా రికవరీలోనే తేలింది. మందు తీసుకున్నవాళ్లలో 27 శాతం, తీసుకోనివాళ్లలో 25 శాతం చనిపోయారు. మార్సెయ్ పేపర్‌ను జర్నల్ ఉపసంహరించుకునేసరికి 2024 డిసెంబర్ అయింది.

పెద్ద జర్నల్‌లో వచ్చింది కదా అన్న భరోసా కూడా ఎక్కువ పెట్టుకోవద్దు. ఇదే మందు హానికరమని 96,000 మంది రోగుల డేటాతో 2020 మే 22న లాన్సెట్‌లో వచ్చిన పేపర్‌ను రెండు వారాలైనా కాకముందే, జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. డేటా ఇచ్చిన కంపెనీ దాన్ని పరిశీలనకు చూపించలేకపోయింది. చివరికి మందు పనికిరాదనే తేలింది కదా అనుకోవద్దు. సరైన జవాబు తప్పుడు దారిలో వచ్చినా అది ఆధారం కాదు.

పిరమిడ్ కొసన ఉన్న సిస్టమాటిక్ రివ్యూలకూ ఇదే బాధ. నులిపురుగులకు వాడే ఐవర్‌మెక్టిన్ కోవిడ్ మరణాలను బాగా తగ్గిస్తుందని చెప్పిన మెటా అనాలిసిస్‌లు (చాలా స్టడీల సంఖ్యలను కలిపి వేసే లెక్కలు) ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ప్రీప్రింట్ మీద చాలా ఆధారపడ్డాయి. లండన్‌లో చదువుకుంటున్న ఒక వైద్య విద్యార్థి, తన మాస్టర్స్ కోర్సు అసైన్‌మెంట్ కోసం దాన్ని చదువుతూ అసలు డేటా ఫైల్ తెరిచి చూశాడు. స్టడీ మొదలైందని చెప్పిన తేదీకి ముందే చనిపోయిన పేషెంట్లు అందులో ఉన్నారు. 2021 జులైలో ఆ ప్రీప్రింట్‌ను తీసేశారు, దానితోపాటు ఆ మెటా అనాలిసిస్‌ల బలమూ చాలావరకు పోయింది. స్టూడెంట్‌ని, నేనేం పట్టుకోగలను అనుకునేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను. అతను వాడింది పెద్ద స్టాటిస్టిక్స్ ఏమీ కాదు, తేదీలు చూశాడు.

మిథున రాశివాళ్లకు ఆస్పిరిన్

ఒక ట్రయల్‌లో మొత్తం మీద మేలు కనిపించాక ‘ఆడవాళ్లలో?’, ‘షుగర్ ఉన్నవాళ్లలో?’, ‘అరవై దాటినవాళ్లలో?’ అని ముక్కలు చేసి చూడాలనిపిస్తుంది. ముక్కలు ఎక్కువయ్యేకొద్దీ ఏదో ఒక ముక్కలో వింత కనబడక మానదు. 1988లో వచ్చిన ఐసిస్‌-2 ట్రయల్‌లో గుండెపోటుతో వచ్చిన 17,187 మంది ఉన్నారు. ఆస్పిరిన్ మరణాలను స్పష్టంగా తగ్గించింది. సబ్‌గ్రూపులు ఎంత మోసం చేస్తాయో చూపించడానికి రచయితలు కావాలనే పేషెంట్లను పుట్టిన రాశుల వారీగా విడదీశారు. మిథున, తుల రాశులవాళ్లకు ఆస్పిరిన్ కాస్త చెడు చేసినట్టు, మిగతా రాశులవాళ్లందరికీ బాగా మేలు చేసినట్టు వచ్చింది! (అవి పుట్టినతేదీతో చూసే పాశ్చాత్య రాశులు. మన పంచాంగం ప్రకారం చూసుంటే వేరే రాశులకు చెడు జరిగేదేమో.)

మరి రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఫలితం కూడా సబ్‌గ్రూపులదే కదా, దాన్నెందుకు నమ్మాం? మొత్తం 6,425 మంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో స్టెరాయిడ్ ఇస్తే 29.3 శాతం, ఇవ్వకపోతే 41.4 శాతం మరణాలు. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 23.3, 26.2. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లలో 17.8, 14.0. ఈ విభజన ఫలితం చూశాక పుట్టింది కాదు, ముందే అనుకున్నది. ఊపిరితిత్తుల జబ్బు ఎంత ముదిరితే మేలు అంత పెరుగుతూ ఒక వరసలో ఉంది. ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట) మీద పనిచేసే మందు ఆ దశలో పనికిరావడానికి కారణమూ ఉంది. రాశుల విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఈ శాతాలనే ఇంకో రకంగా చదవండి. వెంటిలేటర్ గుంపులో తేడా వందకు 12, అంటే దాదాపు 8 మందికి ఇస్తే ఒకరు అదనంగా బతుకుతారు. ఆక్సిజన్ గుంపులో తేడా 2.9, దాదాపు 35 మందికి ఒకరు. ఆక్సిజన్ అక్కర్లేని గుంపులో మరణాలు స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలోనే ఎక్కువున్నాయి. ఆ తేడా యాదృచ్ఛికం కావొచ్చు గానీ, మేలు జరిగిందన్న జాడ మాత్రం లేదు. వాడింది రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు, అదీ ఆసుపత్రిలో చేరినవాళ్లకు.

సెకండ్ వేవ్‌లో ఈ పేపర్ పేరు చెప్పి ఏం జరిగిందో తెలుసు. ఫార్వర్డ్ అయిన ప్రిస్క్రిప్షన్ చూసి జ్వరం వచ్చిన మొదటి రోజునుంచే, ఆక్సిజన్ 98 ఉన్నవాళ్లు కూడా ఇంట్లో కూర్చుని స్టెరాయిడ్ మింగారు. షుగర్లు పెరిగాయి. ఆ వెనకే మన రెండు రాష్ట్రాల ఈఎన్‌టీ వార్డులు మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) కేసులతో నిండాయి. ఆ ట్రయల్‌లో తప్పేమీ లేదు, దాని మూడో వరసలోని మనుషులకు మొదటి వరస ఫలితాన్ని అంటగట్టారు. పేపర్ సరైనదో కాదో తేల్చుకున్నాక మిగిలే పని ఇదే: మన ఎదుట ఉన్న పేషెంటు అందులో ఎక్కడున్నాడో చూడటం.

ఈ పనిని బాగా చేసిన ట్రయల్ ఒకటి మనకు దగ్గర్లోనే జరిగింది. 1950ల్లో క్షయ అంటే శానటోరియమే, రోగులను నెలల తరబడి ఉంచుకునే ఆసుపత్రి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అలాంటిదే. అన్ని పడకలు దేశంలో ఎక్కడివి? మద్రాసులో 1956లో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం 193 మంది పేద రోగులను లాటరీతో విభజించి, ఒకే మందులను కొందరికి ఇంట్లో, కొందరికి శానటోరియంలో ఇచ్చింది. ఏడాదికి జబ్బు అదుపులోకి వచ్చింది శానటోరియంలో 92 శాతం మందికి, ఇంట్లో 86 శాతం మందికి. అంత చిన్న ట్రయల్‌లో ఆ మాత్రం తేడా యాదృచ్ఛికంగానూ రాగలదు. అంతకన్నా నాకు నచ్చింది, వాళ్లు కుటుంబ సభ్యులను కూడా ఏళ్ల తరబడి గమనించడం. రోగిని ఇంట్లో ఉంచితే పిల్లలకు అంటుకుంటుందేమోనన్నదే కదా అందరి భయం. ఇంట్లో చికిత్స పొందినవాళ్ల కుటుంబాల్లో జబ్బు ఎక్కువేమీ కాలేదు. మంచి తిండి, విశ్రాంతి శానటోరియంలోనే ఎక్కువ దొరికినా ఫలితం ఇలా వచ్చింది. పేషెంటు ఇంట్లో వాళ్లు అడిగే ప్రశ్ననే ట్రయల్‌లో అడగడం ఇప్పటి చాలా పేపర్లలో కనబడదు.

వచ్చే జర్నల్ క్లబ్‌కు పేపర్ ఎంచుకుంటే అబ్‌స్ట్రాక్ట్‌ను స్లైడ్ల మీదకు ఎక్కించేముందు ఒక పని చేయండి. మన దేశంలో జరిగే ట్రయల్స్ 2009 జూన్ నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా (సీటీఆర్‌ఐ)లో నమోదు కావడం తప్పనిసరి. ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతకొచ్చు. మొదలుపెట్టే ముందు ప్రధాన ఫలితంగా దేన్ని రాశారో, ఎంతమందిని చేర్చుకుంటామన్నారో అందులో ఉంటుంది. పేపర్‌లో అవి మారిపోయాయంటే ఎందుకు మారాయని అడగాల్సిందే. అలవాటు కోసం ప్లాసిడ్‌తోనే మొదలుపెట్టండి. దాని నంబరు సీటీఆర్‌ఐ/2020/04/024775. రిజిస్టర్ పేజీని ఒక పక్క, బీఎంజే పేపర్‌ను ఇంకో పక్క తెరిచి పెట్టుకుంటే అరగంట పడుతుంది.